వేసవి శిబిరాలూ తునికాకు కాలమూ

ఏప్రిల్, మే నెలలంటే పట్నం పిల్లలకు సెలవులు. భద్రాచలం ఏజెన్సీలోని కోయ, కొండరెడ్డి పిల్లలకు కూడా బడి సెలవులే. అయితే వాళ్ళకవి విశ్రాంతినిచ్చే సెలవులు కావు, పని రోజులు. ఇప్పపూల కాలం ముగుస్తుండగానే తునికాకు కాలం మొదలవుతుంది. సరిగ్గా ఈ రోజుల్లోనే ‘ప్రకృతి శిబిరాలు’, ‘అడవి నడక’, ‘పర్యావరణ పరిచయం’ అనే పేర్లతో పిల్లలను అడవి అంచులకు తీసుకుపోయే కార్యక్రమాలు జరుగుతున్నాయి. ఇందులో ప్రభుత్వ శాఖలున్నాయి, ప్రైవేటు బడులున్నాయి, మనలాంటి స్వచ్ఛంద సంస్థలూ ఉన్నాయి. పిల్లలకు చెట్టూ పిట్టా చూపించడాన్ని ఎవరూ కాదనరు. కానీ ఎవరి అడవిని, ఎవరికి, ఎవరి చేత, ఎవరి ఖర్చుతో చూపిస్తున్నామనే ప్రశ్న వేసుకోకపోతే ఈ మంచి పని కూడా పాత అసమానతలకే కొత్త రంగు పూస్తుంది.

మన ప్రాంతంలో ఇలాంటి కార్యక్రమాలకు సహజంగా స్ఫురించే చోటు కిన్నెరసాని. పాల్వంచ దగ్గరి జలాశయం, జింకల పార్కు, పడవ షికారు, వాటి వెనక 1977లో ప్రకటించిన అభయారణ్యం. దాని విస్తీర్ణం 635 చదరపు కిలోమీటర్లు. గోదావరి వెంట కిందికి పోతే పాపికొండలు. 1978లో అభయారణ్యమైన ఆ కొండలను 2008లో జాతీయ పార్కు చేశారు. ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ ఈ కొండల్లోని రెడ్ల జీవితం మీద రాసిన పుస్తకం 1945లోనే అచ్చయింది. అంటే ఈ అడవిని చూడటానికీ, రాసుకోవడానికీ బయటివాళ్ళు రావడం కొత్తేమీ కాదు. వచ్చినవాళ్ళు ఎవరిని అడిగి వచ్చారు, పోతూ ఏం మిగిల్చి పోయారు అన్నదే ఎప్పటికీ తేలని లెక్క.

తునికాకు పని తెలియని పాఠకుల కోసం కొంచెం వివరంగా చెప్పాలి. ఫిబ్రవరి, మార్చిలో తునికి పొదలను కొట్టివేస్తారు. దాదాపు నెలన్నరకు లేత చిగురు ఆకుగా విచ్చుకుంటుంది. ఎండ ముదరకముందే ఆకు కొయ్యాలి కాబట్టి ఆడవాళ్ళు తెల్లవారకముందే బయలుదేరతారు. మధ్యాహ్నానికి మూటలతో ఇంటికి చేరి, యాభై ఆకులకో కట్ట చొప్పున కట్టి, సాయంత్రానికి కల్లానికి చేర్చాలి. కల్లేదారు కట్టలు లెక్క చూసుకుంటాడు, నచ్చనివి పక్కన పడేస్తాడు. వెయ్యి కట్టలు కలిస్తే ఒక సంచి. అంటే ఒక్క సంచికి యాభై వేల ఆకులు, ఒక్కొక్కటీ చేత్తో తెంపినవి. 1971లో ఈ వ్యాపారం ప్రభుత్వ గుత్తాధిపత్యం కిందికి వచ్చింది. 1980ల్లో పోరాటాలు జరిగిన తర్వాతే కట్ట ధర పైసల నుంచి కదిలింది. ఇంతా చేసి ఇది నాలుగైదు వారాల పని. ఆ నాలుగైదు వారాల డబ్బే వానాకాలం విత్తనాలకూ పాత అప్పుకూ ఆధారం.

కోసేది స్త్రీలు. కట్టలు కట్టేది స్త్రీలూ ఆడపిల్లలూ. డబ్బు చేతికొచ్చే రోజున మాత్రం కార్డు ఎవరి పేరున ఉంది, ఖాతా ఎవరిది అన్న ప్రశ్న ముందుకొస్తుంది. చంటిపిల్లను చెల్లెలికి అప్పజెప్పి తల్లి అడవికి పోతుంది, ఆ చెల్లెలి వయసు పదేళ్ళో పన్నెండేళ్ళో ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి ఏ అంగన్‌వాడీ తలుపూ తెరవదు. బాలకార్మిక చట్టానికి 2016లో తెచ్చిన సవరణ, బడి వేళల తర్వాతా సెలవుల్లోనూ పిల్లలు కుటుంబానికి సాయం చేయవచ్చని ఒప్పుకుంది. ఆ విధంగా చట్టమే ఆదివాసీ ఆడపిల్ల వేసవిని పనికి రాసిచ్చింది. అదే వేసవిలో, అదే అడవిలో, మరో ఇంటి ఆడపిల్ల టోపీ పెట్టుకుని నోటుపుస్తకంలో తునికి ఆకు బొమ్మ గీసుకుంటుంది. ఇద్దరి వయసూ ఒకటే. ఒకరికి ఆ ఆకు పాఠం, ఇంకొకరికి కూలి. మన శిబిరాల నివేదికల్లో ఈ రెండో పిల్ల ఎక్కడా కనబడదు.

ఒకవేళ కనబడినా ఏ పాత్రలో కనబడుతుంది? అతిథులు వస్తే కొమ్ము నృత్యం ఉంటుంది. కొమ్ములు తలకు కట్టుకుని డోళ్ళు వాయించే మగవాళ్ళు, చెయ్యీ చెయ్యీ పట్టుకుని అడుగులేసే ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య నిలబడి ఫోటో దిగే అధికారులు. మధ్యాహ్నం వంటా, సాయంత్రం ఊడ్పూ కూడా ఆ ఊరి ఆడవాళ్ళదే. పాఠం చెప్పడానికి మాత్రం పట్నం నుంచి డిగ్రీ ఉన్న మనిషి రావాలి. ఏ దుంపను ఎన్నిసార్లు ఉడకబెడితే చేదు విరుగుతుందో, ఇప్పపువ్వు ఎప్పుడు రాలుతుందో, ఏ ఆకు విస్తరికి పనికొస్తుందో, ఏ వాగు ఏ నెలలో ఎండుతుందో తెలిసిన మనిషి వంటపాత్రల దగ్గర ఉంటుంది. ఆమెకు తెలిసినదాన్ని ‘అలవాటు’ అంటాం, మనకు తెలిసినదాన్ని ‘విజ్ఞానం’ అంటాం. ఇంటి చాకిరీని శ్రమగా లెక్కించని సమాజం అడవి ఎరుకను జ్ఞానంగా లెక్కించకపోవడంలో వింతేమీ లేదు. రెండింటి మూలమూ ఒకటే.

భద్రాచలం స్థలపురాణంలో పోకల దమ్మక్క కథ మనందరికీ తెలుసు. పుట్టలో ఉన్న విగ్రహాలను మొదట కనుగొన్నది అడవిలో ఉన్న ఆ గిరిజన స్త్రీయేనని ఆ కథ చెబుతుంది. గుడి కట్టించిన తహశీల్దారు రామదాసు పేరు లోకమంతా పాకింది. దమ్మక్క పేరు ఈ ప్రాంతం దాటితే ఎంతమందికి తెలుసు? ఇది భక్తికి సంబంధించిన విమర్శ కాదు. మొదట చూసినవారి పేరు చిన్నక్షరాల్లోకి, తర్వాత కట్టినవారి పేరు పెద్దక్షరాల్లోకి ఎలా పోతుందో అర్థం చేసుకోవడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు. ప్రకృతి కేంద్రాలు కూడా ఇదే దారిన పోకుండా చూసుకోవాలి.

‘ఇదంతా అతి ఆలోచన, శిబిరాల వల్ల స్థానికులకు నాలుగు పనులు దొరుకుతున్నాయి కదా’ అనేవాళ్ళున్నారు. పనులు దొరకడం నిజమే, కాదనలేం. కానీ పని ఇవ్వడం వేరు, నిర్ణయంలో భాగమివ్వడం వేరు. ఉమ్మడి అటవీ యాజమాన్యం పేరుతో 1992 నుంచి వన సంరక్షణ సమితులు వచ్చాయి. 2002లో ప్రపంచబ్యాంకు రుణంతో వాటి పేరు సామాజిక అటవీ యాజమాన్యంగా మారింది. ప్రతి ఇంటి నుంచీ ఒక మగ, ఒక ఆడ సభ్యులుండాలన్న నియమం చూసి మనలో చాలామందిమి సంతోషించాం. ఆచరణలో స్త్రీల భాగస్వామ్యం చాలాచోట్ల తీర్మానాల పుస్తకంలో వేలిముద్రకు మించలేదు. అనేక ఊళ్ళలో పోడు భూములు సమితుల మొక్కల కిందికి పోయాయి. పోడు పోతే ముందు పోయేది ఆడవాళ్ళు చల్లుకునే జొన్న, సామ, కంది, చిక్కుడు. భాగస్వామ్యం అనే మాటను ఎలా వాడుకుంటారో ఆ పదేళ్ళ అనుభవం మనకు నేర్పింది.

ఇప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించి, ప్రభుత్వ జంతు ప్రదర్శనశాలలు, సఫారీలు, యాజమాన్య ప్రణాళికల్లో చేర్చిన పర్యావరణ పర్యాటక సదుపాయాలు ‘అటవీయేతర అవసరం’ కిందికి రావని చెప్పారు. మాటల్లో ఇది చిన్న మార్పు. చేతల్లో దీని అర్థం, కుటీరాలూ కాలిబాటలూ శిబిర కేంద్రాలూ కట్టడానికి అడ్డంకులు తగ్గాయని. అదే అడవిలో పోడు కొట్టుకునే ఒంటరి స్త్రీ ఆక్రమణదారు అవుతుంది. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్ హింస నుంచి పారిపోయి వచ్చి, మన మిరపచేలలో కూలి చేసుకుంటూ అడవి లోపల గుడిసెలు వేసుకున్న గుత్తికోయ స్త్రీ పరిస్థితి మరీ అన్యాయం. ఆమె గుడిసె అడవికి హాని, అతిథుల కుటీరం అడవికి సేవ! ఈ తర్కాన్ని ప్రశ్నించకుండా పిల్లలకు పర్యావరణ ప్రేమ ఎలా నేర్పగలం?

చట్టంలో మన చేతికి ఆయుధాలు లేకపోలేదు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ‘అటవీ భూమి’ అంటే అభయారణ్యాలూ జాతీయ పార్కులూ కూడా. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం అక్కడివారిదే. పెళ్ళయినవారికిచ్చే పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. అడవినీ వన్యప్రాణులనూ కాపాడే అధికారం గ్రామసభకు ఉంది. 2012లో సవరించిన నియమాల ప్రకారం గ్రామసభ కోరంలో మూడో వంతు స్త్రీలుండాలి. 1996 పీసా చట్టం ఐదో షెడ్యూలు ప్రాంతమంతటా గ్రామసభను ముందు నిలబెట్టింది. కాబట్టి ఒక శిబిరం పెట్టాలన్నా గ్రామసభకు పోవడం మర్యాద మాత్రమే కాదు, హక్కును గుర్తించడం.

కోయ సమాజంలో అంతా సమానత్వమే ఉందని చెప్పడం నా ఉద్దేశం కాదు. అక్కడా పటేలు మగవాడే, పూజారి మగవాడే, భూమి తండ్రి నుంచి కొడుక్కే పోతుంది. భూమి పండుగ రోజుల్లో మగవాళ్ళు వేటకు పోతే, ఆడవాళ్ళు దారికి అడ్డంగా నిలబడి పాటలు పాడుతూ వచ్చీపోయేవాళ్ళ దగ్గర డబ్బులు వసూలు చేస్తారు. ఆ నాలుగు రోజులు దారి వాళ్ళది. మిగతా రోజుల్లో నిర్ణయాలు ఎవరివి? పండుగను మురిపెంగా చూపించి వదిలేసే శిబిరం ఈ ప్రశ్న అడగదు. ఊరివాళ్ళు ఇప్పటికే జరుపుకుంటున్న సామూహిక సందర్భాలు ఉండగా, వాటి పక్కన మనం కొత్త ‘సామూహిక ఉత్సవాలు’ కల్పించనక్కర్లేదు. వాళ్ళు పిలిస్తే పోదాం, పిలవకపోతే ఊరుకుందాం.

మరి ఏం చేయాలి? శిబిరాలు మానేయమని కాదు, వాటిని తిరగేసి కట్టమని. కొన్ని ప్రతిపాదనలు చర్చకు పెడుతున్నాను.

మొదటిది, శిబిరంలో మొదటి సగం చోట్లు ఆ చుట్టుపక్కల గూడేల పిల్లలకు, అందులోనూ ఆడపిల్లలకు ఇవ్వాలి. వాళ్ళను పంపితే ఇంటికి నష్టం కాబట్టి రోజులను తునికాకు కోత ముగిశాక, బడి తెరవకముందు పెట్టుకోవాలి. కోత రోజుల్లో మన సంస్థలు చేయగలిగిన అసలైన వేసవి కార్యక్రమం కల్లాల దగ్గర శిశు సంరక్షణ కేంద్రం. నీళ్ళు, నీడ, ఇద్దరు ఆయాలు. పెద్ద నిధులేమీ అక్కర్లేదు. పదేళ్ళ పిల్ల ఒడి ఖాళీ అయితే ఆమె చేతికి పుస్తకం వస్తుంది.

రెండోది, పాఠం చెప్పే స్త్రీలకు పట్నం నిపుణులకిచ్చే పారితోషికమే ఇవ్వాలి. పాఠం కోయ భాషలో జరగాలి, తెలుగు పిల్లలకు దుబాసీ ఉండాలి. ఒక్కపూట మనకు అర్థంకాని భాష మధ్య కూర్చోవడం కూడా చదువే. ఆ స్త్రీల మాటలను జీవవైవిధ్య రిజిస్టర్లలోకి ఎక్కించేటప్పుడు 2002 జీవవైవిధ్య చట్టం చెప్పే లాభాల పంపకం గురించి వాళ్ళకు ముందే చెప్పాలి.

మూడోది, పాఠ్యాంశం. ఇప్పచెట్టు కింద ఆకులు కాల్చడం వల్ల అడవికి నిప్పంటుకుంటుందని ప్రతి వేసవీ పోస్టర్లు వేస్తారు. తప్పు ఆడవాళ్ళదే అన్నట్టు ఉంటాయవి. చెట్టుకింద వలలు కట్టి పువ్వు ఏరుకునే పద్ధతి ఉంది. ఆ వలలు ఎవరు ఇస్తారన్నది పాఠంలో భాగం కావాలి. అలాగే గోదావరి. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులకు మూడు ప్రమాద హెచ్చరికలుంటాయి. 1986లో నది 75 అడుగులు దాటింది, 2022 జులైలో 71 అడుగులు దాటింది. వరద వచ్చినప్పుడు పునరావాస శిబిరాల్లో మరుగు లేక, బహిష్టు గుడ్డలు లేక అవస్థ పడేది ఆడవాళ్ళే. వానలకు ముందు వచ్చే వేసవిలోనే ప్రతి ఊరిలో నలుగురు ఆడపిల్లలకు ఈ అంకెలు చదవడం, ఎటు తరలాలో గుర్తించడం నేర్పితే అదీ ప్రకృతి విద్యే. పోలవరం ముంపు గురించి మాట్లాడకుండా గోదావరి అందం గురించి మాట్లాడటం మాత్రం విద్య కాదు. 2014లో ఏడు మండలాలు రాష్ట్రం మారాయి. ఊళ్ళతోపాటు అడవినీ వదులుకుని పునరావాస కాలనీకి పోయిన స్త్రీ ఇప్పపువ్వునూ తునికాకునూ కూడా పోగొట్టుకుంటుంది.

నాలుగోది, భద్రత. బయటి మగవాళ్ళు రాత్రిళ్ళు బస చేసే చోట ఊరి ఆడవాళ్ళు వంటకో ఊడ్పుకో పనిచేస్తున్నప్పుడు, 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద ఫిర్యాదు ఎవరికి చేయాలో వాళ్ళకు తెలిసి ఉండాలి. పదిమందికి తక్కువ ఉన్నచోట జిల్లా స్థానిక కమిటీ ఉంటుంది. దాని వివరాలు కోయ మాటల్లో చెప్పి ఉంచడం నిర్వాహకుల బాధ్యత.

కెన్యాలో వంగారి మథాయ్ 1977లో గ్రీన్ బెల్ట్ ఉద్యమం మొదలుపెట్టినప్పుడు పల్లె స్త్రీలకు చెట్ల గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. నారు పెంచి బతికించిన ప్రతి మొక్కకూ కొంత డబ్బు ముట్టజెప్పింది. మన హిమాలయాల్లో 1974లో రేణి ఊరి స్త్రీలు గౌరాదేవి వెంట నిలబడి చెట్లను కాపాడుకున్నది కూడా అడవి అందం కోసం మాత్రమే కాదు, అది వాళ్ళ బతుకు కాబట్టి. స్త్రీల శ్రమకూ హక్కుకూ లెక్కగట్టిన చోటే పర్యావరణం నిలబడిందని ఈ రెండు అనుభవాలూ చెబుతున్నాయి.

రాబోయే వేసవికి మన సంస్థల్లో ప్రణాళికలు తయారవుతున్నప్పుడు ఒక్క చిన్న పని చేద్దాం. పాల్గొన్న పిల్లలెందరు, నాటిన మొక్కలెన్ని అనే గడుల పక్కన ఇంకో మూడు గడులు గీద్దాం: గ్రామసభలో ఈ శిబిరం గురించి మాట్లాడిన స్త్రీలెందరు, పాఠం చెప్పి పారితోషికం తీసుకున్న స్త్రీలెందరు, కల్లం నుంచి శిబిరానికి రాగలిగిన ఆడపిల్లలెందరు. ఆ గడులు ఖాళీగా ఉంటే మన కార్యక్రమం పేరు ఏదైనా కావచ్చు, అది అడవివాళ్ళది మాత్రం కాదు.