సీసం సొగసు, సీసం చేటు

పద్యంలో సీసం సొగసు. పాత్రల పూతలో సీసం విషం. తక్కువ వేడికే కరిగి అద్దంలా పరచుకొంటుంది గనుక కట్టెల ఆవానికి అది అనుకూలం. 16వ శతాబ్దంలో స్పెయిన్ వారు మెక్సికోకు తెచ్చిన ఆ పూత అక్కడ నేటికీ వాడుకలో ఉంది.

బాగా కాలిస్తే దోషం లేదన్న వాదం అర్ధసత్యం. కాల్పు చాలకున్నా, పూతలో రాగి కలిసినా, పులుపు తగిలితే సీసం ఆహారంలోకి దిగుతుంది. తినేవారికన్న ముందు బలి అయ్యేది పూత నూరి, ఆవం పొగ పీల్చే కుమ్మరి. ఆ వాకిట ఆడుకొనే పసిబిడ్డ.

సంప్రదాయమని సమర్థించేవారితో నేను ఏకీభవించలేను. అధికమైన వేడిలో కాల్చిన మన ఊరగాయ జాడీకి సీసంతో పనిలేదు. మెక్సికోలోనే బోరాన్ పూతలు వచ్చాయి. సీసానికి ప్రమాదం లేని మోతాదంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మెరుగు కోసం బిడ్డల బుద్ధిని తాకట్టు పెట్టే విద్య ఎంత ప్రాచీనమైనా విడువదగినదే. మీరేమంటారు?