మూడొందలు కట్టి మెల్లగా పరిగెత్తడం

"డబ్బులు కట్టి మరీ పరిగెత్తడమేమిట్రా, ఊరికే రోడ్డు మీద పరిగెడితే ఎవరన్నా వద్దన్నారా?" అంది మా అమ్మ. "సరే కట్టావు. మరి గెలవడానికి కాకపోతే ఎందుకు పరిగెత్తడం?" అన్నాడు మా నాన్న. ఈ రెండు ప్రశ్నలకీ సరైన సమాధానం దొరకడానికి నాకు రెండేళ్ళు పట్టింది. అదేదో చెప్పేస్తే నాలాంటి మరో నలుగురికి పనికొస్తుందని ఈ గోల.

నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కూలీని. ఊరు గుంటూరు. కుర్చీలో కూర్చుని కూర్చుని పొట్ట ముందుకొచ్చాక పరుగు మొదలెట్టాను. ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్, అంటే 21.1 కిలోమీటర్లు, రెండు గంటల లోపు పూర్తి చెయ్యాలని కోరిక. జులైలో ఇంటికొచ్చినప్పుడు మా ఊళ్ళోనే ఓ 5కె ఉందని తెలిసింది. మూడొందలు ఫీజు, ఓ టీషర్టు, అరటిపండు, ఉప్మా. ఆ ఆదివారం ఎలాగూ టెంపో రన్ చెయ్యాలి కదా, అదేదో ఇక్కడే చేసేద్దామనుకున్నా.

టెంపో అంటే మిర్చి యార్డు దగ్గర టిక్కీలేసుకుని తిరిగే బండి కాదు :) మనం గంటసేపు నిలబెట్టుకోగలిగిన గరిష్ట వేగంతో ఓ ఇరవై నిమిషాలు, అరగంట పరిగెత్తడం. ఆ వేగం దగ్గర ఒంట్లో లాక్టేటు తయారవడం, ఖర్చవడం దాదాపు సరిసమానంగా ఉంటాయి. అది దాటితే లాక్టేటు పేరుకుపోతూ ఉంటుంది, మనం చతికిలబడతాం. ఆ గీత దగ్గర్లో తరచూ పరిగెడుతుంటే గీతే కాస్త పైకి జరుగుతుంది. ఈ పద్ధతికి బాగా ప్రచారం తెచ్చినవాళ్ళలో జాక్ డేనియల్స్ అనే అమెరికన్ కోచ్ ఒకరు. పేరు చూసి నవ్వకండి, నిజంగా అదే పేరు.

నా లెక్క ప్రకారం కిలోమీటరుకి 5 నిమిషాల 30 సెకన్లు, మొత్తం 27:30. కాగితం మీద అంతా బాగానే ఉంది. తీరా అక్కడికెళ్ళాక మైకులో సినిమా పాటలు, చుట్టూ నూరుమంది, చేతికి జీపీఎస్ వాచీ, కాళ్ళకి పదివేల బూట్లు... వెళ్ళి అందరికన్నా ముందు వరసలో నుంచున్నా. మొదటి కిలోమీటరు 4:40. తర్వాత 5:00, 5:15, 5:30, 5:25. మొత్తం 25:50. చూడ్డానికి బ్రహ్మాండమైన టైము. కానీ ఏమైంది? పరుగు తర్వాత చెయ్యాల్సిన రెండు కిలోమీటర్ల జాగింగు చెయ్యలేకపోయాను. మర్నాటికి పిక్క పట్టేసింది. ఆ వారం అనుకున్న మూడు పరుగులూ పోయాయి. పది కిలోమీటర్ల దాకా హాయిగా మాట్లాడుతూ పరిగెత్తాల్సినవాణ్ణి, ఐదు కిలోమీటర్ల కోసం వారమంతా కుంటాను. ఆఫీసులో ఎవరైనా అడిగితే మాత్రం "అబ్బే, అది ఊరికే ట్రైనింగండీ" అని చెప్పా. ఆ మాట అబద్ధం.

దాన్ని మించిన సంగతి ఇంకోటుంది. ఉప్మా లైన్లో నా పక్కన ఇరవయ్యేళ్ళ కుర్రాడు నుంచున్నాడు. ప్రత్తిపాడు వైపు పల్లెటూరు, కానిస్టేబుల్ సెలక్షన్లకి తయారవుతున్నాట్ట. ఆ సెలక్షన్లలో 1600 మీటర్ల పరుగుంటుంది, తెలుసుగా. ఆ రోజు నాలుగోవాడిగా వచ్చాడు. మూడోవాడికీ తనకీ మధ్య ఓ పదడుగులు. బహుమతి ముగ్గురికే. "మొదట్లో మీ వెనక ఇరుక్కుపోయానన్నా, సందు దొరకలా" అన్నాడు నవ్వుతూ. ఏమనాలో తెలీక "సారీ తమ్ముడూ, నేనేదో ప్రాక్టీసు కోసం వచ్చా" అన్నా. "ప్రాక్టీసయితే వెనక నుంచోవచ్చుగా అన్నా" అన్నాడు. కోపంగా అన్లేదు. అందుకే ఇంకా గుచ్చుకుంది.

దీన్నిబట్టి చిన్న పోటీల్ని ట్రైనింగు కింద వాడుకోవడం తప్పంటారా? నేననను. నా స్నేహితుడొకడు అంటాడు: "పోటీలో దిగినవాడు పోటీ పడాలి, లేకపోతే పక్కవాణ్ణి అవమానించినట్టే" అని. వాడింకో ఉదాహరణ కూడా చెబుతాడు. 2016 జనవరిలో ముంబై మారథాన్‌లో టి. గోపి దిగింది నితేంద్ర సింగ్ రావత్‌కి పేసర్‌గా. మధ్యలో తప్పుకోవాల్సిన మనిషి ఆగకుండా పరిగెత్తి, 2 గంటల 16 నిమిషాల 15 సెకన్లలో భారతీయుల్లో రెండోవాడిగా వచ్చి, రియో ఒలింపిక్స్‌కి అర్హత సంపాదించాడు. "ఒంట్లో సత్తా ఉంటే ఎందుకాపాలి?" అంటాడు మావాడు.

బాగానే ఉంది. కానీ గోపి మొదటి కిలోమీటర్లోనే ప్లాను గాలికొదిలెయ్యలేదు కదా! ఎక్కువ దూరం ఇంకొకరి కోసం కొలిచినట్టు పరిగెత్తి, చివర్లో మిగిలింది వాడుకున్నాడు. నేను చేసింది సరిగ్గా దానికి వ్యతిరేకం.

మా భాషలో చెప్పాలంటే చిన్న పోటీ స్టేజింగ్ సర్వర్ లాంటిది. ప్రొడక్షన్లో ఉండేవన్నీ ఉంటాయి, కూలిపోతే నష్టం మాత్రం తక్కువ. పొద్దున్నే ఏం తినాలి, బిబ్ నంబరు ఎక్కడ పిన్ను చేసుకోవాలి, కంగారులో బాత్రూం ఎన్నిసార్లు వస్తుంది, పరిగెడుతూ కప్పులో నీళ్ళు ఎలా తాగాలి, ఇవన్నీ ఇంటి దగ్గర ఒంటరిగా తెలిసేవి కావు. పైగా మామూలు రోజుల్లో బ్రాడీపేట లైన్లలో ఒకే వేగంతో అరగంట పరిగెత్తి చూడండి. ప్రతి క్రాసు దగ్గరా ఓ ఆటో, రెండు కుక్కలు. బందోబస్తున్న రోడ్డు ఏడాదికి ఒకటి రెండుసార్లే దొరుకుతుంది. మా అమ్మ ప్రశ్నకి సమాధానం ఇదీ.

కాకపోతే స్టేజింగ్ అని చెప్పి ప్రొడక్షన్ లోడంతా దానిమీద తోసెయ్యకూడదు. ఈ ఏడాది మళ్ళీ అదే పోటీకి వెళ్ళాను. ముందురోజు రాత్రే కాగితం మీద 27:30 అని రాసి నాన్నకిచ్చా. పొద్దున మూడు కిలోమీటర్లు మెల్లగా పరిగెత్తి, వెళ్ళి బాగా వెనక నుంచున్నా. జులై ఉక్కపోతకి గుండె వేగం ఎలాగూ పెరుగుతుంది కాబట్టి వాచీ కన్నా ఊపిరినే నమ్ముకున్నా. రెండు మూడు మాటలు పలకగలిగితే సరే, ఒక్క మాట కూడా రాకపోతే తగ్గాలి. బడిపిల్లలు దాటిపోయారు. మా వీధి అంకులొకాయన, అరవై దాటిన మనిషి, దాటిపోతూ "ఏమోయ్, అయిపోయావా?" అన్నారు. అహం చంపుకోవడం పిక్క పట్టేయడం కన్నా కష్టమండీ బాబూ! 27:41 అయింది. తర్వాత రెండు కిలోమీటర్లు జాగింగు కూడా చేశా. మంగళవారం మామూలుగా పరిగెత్తా.

ఇంటికొచ్చాక నాన్న కాగితం తీసి చూసి, "పదకొండు సెకన్లు లేటు" అన్నాడు. ఆయన ప్రశ్నకీ సమాధానం దొరికిందన్నమాట. గెలవడానికి కాకపోతే ఎందుకంటే, చెప్పిన మాట మీద నిలబడగలనా లేదా చూసుకోవడానికి.

నా అభిప్రాయం ఇంతే. ట్రైనింగ్ అనే మాట పరుగుకి ముందు అనాలి, తర్వాత కాదు. తర్వాత అంటే అది సాకు. ముందు అన్నవాడు వెనక నుంచోవాలి. ఆ ముందు వరస, ఆ పదడుగులు ఎవరికి అవసరమో వాళ్ళకి వదిలెయ్యాలి. ఆ కుర్రాడు ఈసారి కనపళ్ళేదు. ఉద్యోగం వచ్చి ట్రైనింగులో ఉండి ఉంటాడనే అనుకుంటున్నా. అసలైన ట్రైనింగులో.

మీరేమంటారు?