చెంగలి గడ్డికి చోటేదీ?

ఒంగోలు గిత్త గురించి తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. చెంగలి గడ్డి గురించి చెప్పాలి.

ప్రకాశం, నెల్లూరు జిల్లాల నల్లరేగడి నేలల్లో, వానకు తేమ నిలిచే పల్లాల్లో దుబ్బులు దుబ్బులుగా పెరిగే గడ్డి ఇది. కాడ మెత్తన, ఆకు మెత్తన. ముదిరేకొద్దీ ఎర్రబారుతుంది కాబట్టి ఎర్ర చెంగలి అని కూడా అంటారు. వృక్షశాస్త్రంలో దీని పేరు ఐసీలిమా లాక్సమ్. 1921లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం అచ్చువేసిన దక్షిణ భారత గడ్డిజాతుల చేతిపుస్తకంలో కె. రంగాచారి దీనికీ చోటిచ్చారు. ఒకసారి వేరూనితే ఏటా విత్తనం వెయ్యాల్సిన పని లేదు. తొలకరి పడగానే పాత దుబ్బే చిగురిస్తుంది. పచ్చిగా మేపవచ్చు, కోసి ఎండబెట్టి వామి వేసుకోవచ్చు.

గుండ్లకమ్మ, పాలేరు పరిసరాల్లో గిత్తల్ని పెంచిన రైతు తన పొలంలో కొంత నేలను దున్నకుండా మేతకని వదిలేవాడు. దాన్నే బీడు అన్నారు. అది పనికిరాక వదిలిన నేల కాదు, పశువు కోసం దాచిన నేల. ఆ పశువు 19వ శతాబ్దం నుంచి ఓడలెక్కి బ్రెజిల్ చేరింది. అప్పటి జిల్లా పేరు మీద అక్కడ ‘నెలోర్’ అయింది. 1960ల తొలినాళ్ళ దాకా దిగుమతులు సాగాయి. ఇవాళ 20 కోట్లు దాటిన బ్రెజిల్ పశుసంపదలో సింహభాగం ఈ జాతిదీ, దీని సంకరాలదీ. 2023లో అక్కడ వియాటినా-19 అనే నెలోర్ ఆవుకు 43 లక్షల డాలర్లకు పైగా ధర కట్టినప్పుడు తెలుగునాట ప్రతి ఇంటా ఆ ముచ్చటే.

ఆ ముచ్చటలో రాని సంగతి ఒకటుంది. బ్రెజిల్ పశువును తీసుకెళ్ళి ఊరుకోలేదు, దానికి గడ్డి వెతికింది. ఆఫ్రికా నుంచి వచ్చిన బ్రాకియారియా జాతుల మీద అక్కడి వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపా ఏళ్ళ తరబడి పనిచేసి, 1984లో మరాండు అనే రకాన్ని విడుదల చేసింది. అది కోట్ల ఎకరాల్లో పరుచుకుంది. పరాయి పశువుకు పరాయి గడ్డిని కుదిర్చి ఒక దేశం అంత సంపద కూడబెట్టింది. ఆ పశువు పుట్టిన నేలలో, దానితోపాటు పెరిగిన గడ్డి మాత్రం చిల్ల (సర్కారు తుమ్మ) చెట్ల కింద నీడకు చచ్చిపోతోంది.

ఇలా కావడానికి కారణం ఒకటి కాదు. పొగాకు బీళ్ళను దున్నించింది. తర్వాత సుబాబుల్, జామాయిల్ తోటలు వచ్చాయి. ట్రాక్టరు వచ్చాక అరక ఎడ్లకు గిరాకీ తగ్గింది, ఎద్దు లేని ఇంటికి బీడు అక్కర్లేదు. రైతును తప్పుపట్టేదేమీ లేదు, అతను తన కుటుంబం గడిచే దారి చూసుకున్నాడు. అయితే ఊరుమ్మడి నేలలు కూడా అదే దారిన పోవడం వేరే కథ. ‘మేత పోరంబోకు’ అని దస్త్రాల్లో ఉన్న నేలను ఇళ్ళ స్థలాలకో పరిశ్రమకో ఇచ్చేటప్పుడు అక్కడ ఏం మొలుస్తుందని అడిగినవాళ్ళు అరుదు. శిస్తు లేని నేలకు పెట్టిన పేరు పోరంబోకు. ఆ మాట మన నోట తిట్టుగా మారిందంటే ఆ నేలను ఎలా చూశామో తెలుస్తూనే ఉంది. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం తయారుచేసే బంజరు భూముల అట్లాసులో సైతం పొదలున్న మేత నేలలు, దెబ్బతిన్న పచ్చికలు బంజర్ల కిందే లెక్క. 2005–15 మధ్య పదేళ్ళలో గడ్డినేలలు 31 శాతం తగ్గాయని ఎడారీకరణపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికకు భారతదేశమే నివేదించింది. ఒక పంట విస్తీర్ణం ఇంతగా పడిపోయి ఉంటే పార్లమెంటు దద్దరిల్లేది.

గడ్డి తనంతట తాను పెరుగుతుందనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. గడ్డి మొక్కకు ఎదిగే మొన నేలకు దగ్గరగా ఉంటుంది. పశువు కొరికితే చావదు, కొరికిన చోట పిలకలు వేస్తుంది. కానీ ఆ పిలక తన ఆకుతో వేరుకు మళ్ళీ బలం పంపేలోపే రెండోసారి, మూడోసారి కొరికితే వేరు ఎండుతుంది. ముందుగా పోయేది జీవాలు ఇష్టంగా తినే చెంగలి లాంటి రుచిగల గడ్డే. దాని చోట ముళ్ళ గడ్డి, దాని వెనక కలుపు, ఆపైన చిల్ల వస్తాయి. బీడును నాలుగు భాగాలు చేసి మందను మార్చి మార్చి తిప్పడం, ఏటా ఒక భాగాన్ని గింజ రాలేదాకా ముట్టకుండా ఉంచడం, కోతను పూత దశలోనే ముగించడం, కొయ్యను నాలుగైదు వేళ్ళ ఎత్తున వదలడం: ఇంతే యాజమాన్యం. పూత దాటితే కాడ ముదిరి మాంసకృత్తులు తగ్గుతాయి, వామి పెరుగుతుంది కానీ పశువుకు పట్టదు. చిల్లను మొదలంటా నరికితే సరిపోదు. నేల లోపల జానెడు దిగి కోస్తేనే మళ్ళీ చిగురించదు. కాయలు తిన్న పశువుల పేడలో గింజలు మరో బీటికి చేరతాయి కాబట్టి రెండు మూడేళ్ళు మొలకలు పీకుతూనే ఉండాలి.

అలాగని కంచె వేసి తాళం పెడితే గడ్డి బాగుపడుతుందనుకోవద్దు. నంద్యాల జిల్లా రోళ్ళపాడు ఆ సంగతి నేర్పింది. బట్టమేక పక్షి కోసం 1988లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. అందులో కంచె వేసి కాపాడిన గడ్డినేల సుమారు 600 హెక్టార్లు. అక్కడి గడ్డి జాతులు వేరు, సూత్రం మాత్రం ఒకటే. కంచె లోపల కృష్ణజింకలు విపరీతంగా పెరిగాయి, బట్టమేకలు తగ్గిపోయాయి. కాలువ నీళ్ళు రావడంతో కంచె బయట పంటలూ మారాయి. ఇప్పుడక్కడ బట్టమేక జాడ లేదు. మంద అసలు రాని గడ్డినేలా, మంద ఎప్పటికీ వదలని గడ్డినేలా రెండూ పాడయ్యేవే.

నీటి వసతి ఉన్నవాళ్ళు సూపర్ నేపియర్ వేసుకుంటే ఎకరానికి ఎన్నో రెట్లు మేత వస్తుంది, చెంగలి ఎందుకని అడిగేవాళ్ళున్నారు. కొట్టంలో గేదెను కట్టేసి పాలు తీసే ఇంటికి అది సరైన లెక్కే. బోరు లేని గొర్రెల కాపరికి ఆ లెక్క పనికిరాదు. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో 1.9 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్ల గొర్రెలున్నాయి. దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం ఈ రెండు రాష్ట్రాలవే. తెలంగాణ 2017 నుంచి 75 శాతం రాయితీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచింది. జీవాలు పెరిగిన చోట మేత నేల పెరగలేదు. ఎండాకాలం మందలు ఊళ్ళు దాటి వెళ్ళడం, పొలాల గట్ల మీద తగాదాలు పడటం అందుకే.

2026ను ఐక్యరాజ్యసమితి మేత నేలల, పశుకాపరుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. ర్యాలీలు, బ్యానర్లతో దీన్ని సరిపెట్టకూడదు. ఊరుమ్మడి భూముల ఆక్రమణలను తొలగించే పథకాలు వేయాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆ తీర్పును అమలు చేయాలంటే ముందు మండలాలవారీగా మేత పోరంబోకులు కొలిచి, హద్దురాళ్ళు పాతి, ఆ జాబితాను గ్రామసభలో చదివి వినిపించాలి. చిల్ల పీకే పనిని ఊరి ఉపాధి పనుల్లో చేర్చాలి. ఏ బీటిని ఎప్పుడు మూయాలో, ఎప్పుడు తెరవాలో తేల్చే కమిటీలో గొల్లలకు, కురుమలకు పేరుకు కాకుండా ఓటుతో చోటుండాలి. మంద అక్కడ ఎన్నాళ్ళు నిలిస్తే గడ్డి తట్టుకుంటుందో వాళ్ళకు తెలిసినంతగా ఆఫీసులో కూర్చున్నవాళ్ళకు తెలియదు.

ఇక విత్తనం సంగతి. చింతలదేవి, చదలవాడ, గుంటూరు లాం పశుక్షేత్రాలు ఒంగోలు జాతిని నిలబెట్టడానికి చేస్తున్న కృషి విలువైనది. ఆ మూడు చోట్లా చెంగలి విత్తనానికి, పిలకలకు అయిదేసి ఎకరాల నల్లరేగడి కేటాయించినా చాలు, మూడో తొలకరికల్లా కనిగిరి, కందుకూరు పరిసర గ్రామాల బీళ్ళకు బండ్ల మీద పిలకలు పంపవచ్చు.