తొంభైఒకటి వేసిన వేషం



ఒకటితోనూ, తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ నిశ్శేషంగా భాగింపబడని సంఖ్యను ప్రధాన సంఖ్య అంటారని మీకు తెలుసు. 2, 3, 5, 7, 11, 13 అలాటివి. ఒకటిని మాత్రం ఈ జాబితాలో చేర్చరు. ఈ నెల మనం, ప్రధాన సంఖ్యల వేషం వేసుకుని తిరిగే దొంగ సంఖ్యలను పట్టుకుందాం. అందులో ఒక దొంగ నన్నే ఎలా మోసం చేసిందో ముందు చెబుతాను.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. ఆరో తరగతి వాళ్ళకు నల్లబల్ల మీద 1 నుంచి 100 దాకా వేసి, ప్రధాన సంఖ్యల చుట్టూ సున్నాలు చుడుతున్నాను. 83 అయింది, 89 అయింది. 91 చుట్టూ కూడా సున్నా చుట్టాను. వెనక వరసలోంచి ఒక కుర్రవాడు లేచి, "తొంభైఒకటి కాదండీ, మేష్టారూ," అన్నాడు.

"ఎందుకు కాదు? ఏ ఎక్కంలో వస్తుంది?" అని గద్దించాను.

వాడికి ఎక్కాలు సరిగా రావు. కాసేపు బుర్ర గోక్కుని, "పదమూడు సంతలండీ," అన్నాడు.

క్లాసంతా గొల్లుమన్నది. వాడు నన్ను ఎగతాళి చేస్తున్నాడనుకుని బల్ల ఎక్కించాను. గంట కొట్టేదాకా వాడు తల వంచుకుని అలాగే నిలబడ్డాడు.

ఆ రాత్రి భోజనం చేస్తూండగా "పదమూడు సంతలు" గుర్తుకు వచ్చింది. ఆ వూళ్ళో సంత వారానికి ఒకసారి. వారానికి ఏడు రోజులు. పదమూడు ఏళ్ళ తొంభైఒకటి! చేతిలో ముద్ద చేతిలోనే వుండిపోయింది. పదమూడో ఎక్కం నేను చిన్నప్పుడు నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేవాణ్ణి. తీరా అవసరం వచ్చినప్పుడు అది నాకు తట్టనేలేదు.

మర్నాడు వాడు బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. సంత రోజున వెతుక్కుంటూ వెళ్ళాను. తండ్రి పక్కన కూచుని గాజులు అమ్ముతున్నాడు. నన్ను చూడగానే తండ్రి కంగారుగా లేచి, "మావాడేం తప్పు చేశాడండీ, పంతులుగారూ?" అన్నాడు.

"తప్పు వాడిది కాదు, నాది," అన్నాను.

అసలు సంగతి అప్పుడు తెలిసింది. ఆయన షావుకారు దగ్గర గాజులు అరువు తెచ్చి, పదమూడు సంతల్లో బాకీ తీర్చేవాడట. గడువు తొంభైఒక్క రోజులు. ఆ లెక్క పిల్లవాడికి ఎవరూ నేర్పలేదు. ఇంట్లో రోజూ వినేదే.

మర్నాడు వాడు వచ్చాడు. నేను అందరి ఎదటా నల్లబల్ల మీద 91 వేసి, పక్కన 7 × 13 అని రాశాను. ముందు వరసలో ఒక పిల్ల, "మరి మీరు బల్ల ఎక్కరా, మేష్టారూ?" అన్నది. ఎక్కాను. బల్ల కిర్రుమన్నది.

ఇంతకూ 91 ఇంత బాగా ఎలా మోసం చేస్తుంది? రెండుకు లొంగే సంఖ్యను చివరి అంకె చూసి పట్టెయ్యవచ్చు. అయిదూ అంతే. మూడుకు లొంగే సంఖ్యలు 51, 57, 87 పైకి ప్రధాన సంఖ్యల్లాగే కనిపిస్తాయి. కాని అంకెలు కూడితే 6, 12, 15 వస్తాయి గనక దొరికిపోతాయి. ఏడుకు మాత్రం ఇంత సులభమైన గుర్తు లేదు.

వంద లోపు సంఖ్య రెండు సంఖ్యల లబ్ధమైతే, ఆ రెండూ పదీ, అంతకు పైనా వుండటానికి వీల్లేదు. అలా వుంటే లబ్ధం వందకు చేరుతుంది. అంచేత 2, 3, 5, 7లతో భాగించి చూస్తే చాలు. మొదటి మూడింటికీ దొరకకుండా, ఏడుకు మాత్రమే దొరికేవి వంద లోపు మూడే వున్నాయి: 49, 77, 91. 49 ఏడో ఎక్కంలోదే. 77 మొహం చూస్తేనే తెలుస్తుంది. ఇక మిగిలిన గజదొంగ 91 ఒక్కటే!

ఏడుకు ఒక ఉపాయం వున్నది. 21 ఏడుకు లొంగుతుంది గదా? చివరి అంకె ఎంతో అన్ని ఇరవైఒకట్లు తీసెయ్యండి. 161లోంచి 21 తీస్తే 140. 133లోంచి 63 తీస్తే 70. చివర సున్నా వచ్చింది; దాన్ని కొట్టేసి మిగిలింది చూడండి. 14, 7 — రెండూ ఏడుకు లొంగాయి గనక 161, 133 దొంగలే. 113లోంచి 63 తీస్తే 50. 5 ఏడుకు లొంగదు, 113 కూడా లొంగదు. 119 లాటి దాంట్లోంచి తొమ్మిది ఇరవైఒకట్లు తీయటం కుదరదు గనక, ఒక 21 కలపండి: 140. అదీ దొరికింది.

ఇప్పుడు ఇంకో వింత. 31 రాయండి. ముందు ఒక్కొక్క 3 చేరుస్తూ పోండి: 331, 3331, 33331, 333331, 3333331, 33333331. 31తో కలిపి ఈ ఏడూ ప్రధాన సంఖ్యలే. ఏడుసార్లు నిజం చెప్పినవాడు ఎనిమిదోసారీ చెబుతాడనుకుంటాం. మరో 3 చేర్చండి: 333333331. ఇది 17 × 19607843! గుణించి చూసుకోండి. నా మాట నమ్మకండి, ఒకసారి బల్ల ఎక్కినవాణ్ణి.

ఇలాటి వరస ఒకటి ఫ్రాన్సు దేశపు ఫెర్మానే మోసం చేసింది. ఆయన 1665లో చనిపోయాడు. 2, 4, 16, 256, 65536 — ఇందులో ప్రతిదీ వెనకదాని వర్గం. ఒక్కొక్కదానికి 1 కలిపితే 3, 5, 17, 257, 65537. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఎంత దూరం పోయినా ఇంతేనని ఆయన నమ్మాడు. తరవాతది 4294967297. అది 641 × 6700417 అని 1732లో ఆయిలర్ తేల్చాడు. ఆ వరసలో మరొక ప్రధాన సంఖ్య ఇంతవరకు దొరకలేదు. ఫెర్మా పొరబడింది పదంకెల సంఖ్య దగ్గర. నేను రెండంకెల దగ్గరే!

ఇక మీ వంతు. 1001, 1003, 1007, 1009 — వీటిలో ఒక్కటే అసలైన ప్రధాన సంఖ్య. 32 × 32 = 1024 గనక 31 దాకా వున్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. కాలిక్యులేటరు ముట్టుకోవద్దు. జవాబు వచ్చే నెల.