ప్రవేశపరీక్షయు, ఇంటర్మీడియెటు మార్కులును

తుంగభద్ర కావల అలంపురమున నున్న విద్యార్థికి ఇంజనీరింగు కళాశాలలో ప్రవేశము దొరకుటకు ప్రవేశపరీక్షలో వచ్చిన మార్కులే ప్రమాణము. ఈవల కర్నూలులో నున్న విద్యార్థికి మాత్రము ఆ మార్కులకు 75 వంతులు, ఇంటర్మీడియెటు మార్కులకు 25 వంతులు విలువకట్టి, రెంటిని కలిపి ర్యాంకు నిర్ణయించు పద్ధతి నిలిచినది. ఉమ్మడిరాష్ట్రపు కాలమునాటి యీ లెక్క కరోనా వలన కొంతకాల మాగెను. 2023లో తెలంగాణ ప్రభుత్వము దానిని శాశ్వతముగ త్రోసివేసినది. ఆ యేడే ఆంధ్రప్రదేశ ప్రభుత్వము దానిని మరల నెలకొల్పినది. ఒక్క వంతెన నడుమ నుండగా రెండు న్యాయములు!

ఈ 25 వంతుల బరువెంతయో చూతము. గణిత, భౌతిక, రసాయన శాస్త్రములలో ఒకనికి నూటికి 90, మఱియొకనికి 60 వచ్చెననుకొందము. ఆ 30 మార్కుల తేడాలో నాలుగవ వంతు, అనగా ఏడున్నర, ప్రవేశపరీక్ష వ్రాయకమునుపే మొదటివాని ఖాతాలో పడినది. దానిని పూడ్చుకొనుటకు రెండవవాడు 160 మార్కుల పరీక్షలో వానికంటె స్థూలముగ 16 మార్కులు హెచ్చు తేవలయును. ఒక్కొక్క మార్కు చుట్టును వేలమంది మూగియుండు పరీక్షలో 16 మార్కులనగా నేమో పాఠకులే యూహింపగలరు.

ఆ రెండవవాడు మందమతి యనరాదు. మందమతియైనచో ప్రవేశపరీక్షలో ముందుకు వచ్చుటెట్లు? ఆదోని, ఆలూరు, కోసిగి ప్రాంతముల సంగతి తెలిసినవారికి సమాధానము దొరకును. వాన తప్పిన యేట, సంక్రాంతి చుట్టుప్రక్కల, ఊళ్లకు ఊళ్లు మూటముల్లె కట్టుకొని గుంటూరు సీమకు మిరపకాయలు కోయబోవును. పిల్లలలో కొందఱు తల్లిదండ్రుల వెంట పోవుదురు. తక్కినవారు ముసలివారికిని, పశువులకును కావలి యుందురు. ఇంటర్మీడియెటు పరీక్షలు సరిగ మార్చినెలలో! ప్రవేశపరీక్ష మేనెలలో. మార్చిలో చితికిన చదువు మేనాటికి కొంత కూడుకొనవచ్చును. అట్లు కూడుకొని రాత్రింబవళ్లు కష్టించి ర్యాంకు తెచ్చుకొన్న బాలుని మెడకు మార్చినాటి మార్కులను మరల కట్టుట మూలుగుచున్న నక్కపై తాటిపండు పడవేయుటయే.

ప్రవేశపరీక్ష మాత్రము బీదవానికి చుట్టమా యని కొందఱడుగుదురు. ఆ ప్రశ్నలో సత్యము లేకపోలేదు. శిక్షణకు లక్షలు పోయగలవాడే పరీక్షలో నెగ్గునను వాదముతో తమిళనాడు 2007లో వృత్తివిద్యా ప్రవేశపరీక్షలను తీసివేసి, ఇంటర్మీడియెటుకు సమమైన పరీక్ష మార్కులనే ప్రమాణముగ గ్రహించినది. కాని మన యందలి స్థితి వేఱు. విజయవాడ, హైదరాబాదు కార్పొరేటు కళాశాలలో చదివినవానికి మార్కులును వచ్చును, ర్యాంకును వచ్చును. అధ్యాపకుల కొఱతతో నడచు ప్రభుత్వ జూనియరు కళాశాలలో చదివినవానికి రెంటిలో నొక్కటి వచ్చుటయే గొప్ప. ఆ యొక్కదానినైన పూర్ణముగ లెక్కింపుడని మా ప్రార్థన.

మార్కులకు విలువ లేకున్న విద్యార్థులు కళాశాల ముఖము చూడరని అధికారులు శంకింతురు. ఉత్తీర్ణతయు, ముఖ్యశాస్త్రములలో నూటికి 45, రిజర్వేషను వర్గములకు 40 మార్కులును రావలెనన్న నియమ మున్నది కదా! అది కాపలాకు చాలును. కేంద్రప్రభుత్వపు జేఈఈలో సహితము 2013 మొదలు పరీక్ష మార్కులకు 40 వంతుల విలువ నిచ్చి, 2017లో దానిని మానుకొనిరి. ఆ కళాశాల లేవియు పాడుపడలేదు.

ప్రభుత్వమునకు ఈ 25 వంతులపై మమకారము వదలదేని, కడపజిల్లాలోని ఇడుపులపాయ వంక నొక్కసారి చూడవలయును. 2008లో వెలసిన రాజీవ్ గాంధీ సాంకేతిక విశ్వవిద్యాలయమున పదవతరగతి మార్కులను బట్టియే పిల్లలను చేర్చుకొనుట వాడుక. అయినను ఆవాసవసతి లేని ప్రభుత్వపాఠశాలలలో చదివినవారికి, వారి వెనుకబాటును గుర్తించి, నూటికి 4 వంతులు కలుపుదురు. తెల్లవాఱి బావికి పోయి నీరు తోడి బడికి పోవు పిల్లయు, వసతిగృహమున గంటకొట్టగా లేచి చదువు పిల్లయు ఒకే మెట్టుపై లేరని ప్రభుత్వమే అచ్చట నొప్పుకొన్నది. ఆ పిల్లయే రెండేండ్లకు ప్రభుత్వ జూనియరు కళాశాలనుండి ఇంజనీరింగు ప్రవేశమునకు వచ్చునప్పటికి ఆ యెఱుక ఏమైపోయినది?

1937లో శ్రీబాగ్ ఒడంబడిక నాడు అనంతపురమున విశ్వవిద్యాలయకేంద్రము కావలెనని సీమనాయకులు పట్టుపట్టిరి. నేడు కర్నూలులో, ప్రొద్దుటూరిలో, పులివెందులలో ఇంజనీరింగు కళాశాల లున్నవి. సీమపిల్లలు గుమ్మమెక్కు దారియే ఇఱుకుగ నున్నది. ఉన్నతవిద్యామండలివారు రాబోవు ప్రకటన వెలువరించునంతలో ఇంటర్మీడియెటు మార్కుల విలువను తొలగింపవలయును. అట్లు చేయనొల్లనిచో ప్రభుత్వ జూనియరు కళాశాలల విద్యార్థుల మార్కులకు ఇడుపులపాయలో వలెనే 4 వంతులు కలుపవలయును. రెండవదానికి క్రొత్త చట్టముతో పనిలేదు, ఒక ఉత్తరువు చాలునని మా విశ్వాసము.