డిస్‌ప్లే మర్నాడు

బి.ఎఫ్.ఎ. ఆఖరి సంవత్సరం డిస్‌ప్లే ముగిసిన మర్నాడు ఏ ఫైన్ ఆర్ట్స్ కాలేజీకైనా వెళ్లి చూడండి. ముందురోజు దాకా లైట్ల కింద వెలిగిన ఆరడుగుల కాన్వాసును నలుగురు కలిసి గోడ మీంచి దించుతుంటారు. వెనక మేకులు పీకి, చట్రం నుంచి గుడ్డ విడదీసి, రంగు పగలకుండా బొమ్మ పైకి ఉండేటట్టు చుడతారు. దాని చుట్టూ పాత పేపర్లు, ఆ పైన పురికొస. ఆ చుట్టకు లగేజీ టికెట్టు కొట్టాలో వద్దో బస్సు కండక్టరుకు తేలదు. ఇల్లు చేరాక అది అటకెక్కుతుంది. ‘ఇప్పుడేం చేస్తావురా?’ అన్న బాబాయి ప్రశ్న మాత్రం నట్టింట్లోనే కూర్చుంటుంది.

కళ విలువ తెలియని వాళ్ల ప్రశ్న అని దాన్ని ఈసడించడం మన సాహిత్యలోకానికి అలవాటు. నిజానికి అంతకంటే న్యాయమైన ప్రశ్న లేదు. నాలుగేళ్లపాటు కాలేజీలో ఎవరూ అది అడగకపోవడమే విచిత్రం.

అడిగిన ప్రిన్సిపాల్ ఒకాయన ఉన్నాడు. మద్రాసు ప్రభుత్వ చిత్రకళాశాలకు 1957లో అధిపతి అయిన కె.సి.ఎస్. పణిక్కర్. చదువు మధ్యలో ఆపి టెలిగ్రాఫ్ శాఖలో ఉద్యోగం చేసి, పాతికేళ్ల వయసులో బొమ్మల బడిలో చేరినవాడు కాబట్టి జీతం రాళ్ల సంగతి ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. బాగా వేసే పిల్లలు కాలేజీ దాటగానే ఏదో ఒక కొలువులో పడి కుంచె వదిలేస్తున్నారని గమనించాడు. ఓదార్పు మాటలు చెప్పలేదు. చేతిపని పట్టించాడు. వేడి మైనాన్ని గుడ్డ మీద పూయడం, రంగు తొట్టిలో ముంచడం, ఆరనిచ్చి మళ్లీ పూయడం, మళ్లీ ముంచడం. మైనం పగుళ్లలోకి రంగు పాకి, చివర్లో సన్నని నరాల్లాంటి గీతలు తేలతాయి. ఇలాంటి బాతిక్ గుడ్డలు, తోలు పనులు, లోహపు పనులు చేసి అమ్మారు. ఆ డబ్బు కూడబెట్టి మద్రాసు శివారున ఇంజంబాకంలో సముద్రం పక్కన నేల కొన్నారు. 1966లో చోళమండలం అనే కళాకారుల ఊరు అలా పుట్టింది. పొట్టకూటికి చేతిపని, మిగిలిన పొద్దంతా తమ బొమ్మ. అక్కడి వాళ్లలో ఎస్.జి. వాసుదేవ్ 1970లో వచ్చిన కన్నడ చిత్రం ‘సంస్కార’కు కళాదర్శకత్వం కూడా చేశాడు. అందువల్ల ఆయన చిత్రకారుడిగా ఒక మెట్టు దిగాడని ఎవరూ అనలేదు.

చోళమండలంలో ఇల్లు కట్టుకున్న వాళ్ల సంగతి సరే, మిగతావాళ్ల మాటేమిటి? ఆ రోజుల్లో చేనేత శాఖ వారి వీవర్స్ సర్వీస్ సెంటర్లు చాలామందిని ఆదుకున్నాయి. తూర్పు గోదావరి నుంచి వెళ్లిన ఎం. రెడ్డెప్ప నాయుడు మద్రాసు సెంటర్లో పనిచేస్తూనే తన దేవతామూర్తుల చిత్రాలు వేశాడు. బెంగాలీ చిత్రకారుడు జోగేన్ చౌధురి 1968 నుంచి 1972 దాకా అదే సెంటర్లో డిజైనరు. మన మచిలీపట్నం బిడ్డ తోట తరణి సినిమా సెట్లకు జాతీయ అవార్డులు తెచ్చుకున్నాడు, సొంత బొమ్మల ప్రదర్శనలు పెట్టడమూ మానలేదు. సిద్దిపేటలో డ్రాయింగ్ మాస్టారుగా ఉంటూనే కాపు రాజయ్య తెలంగాణ పల్లె బతుకును గీశాడు. వీళ్లెవరూ ఉద్యోగానికి తలవంచి కళను అమ్ముకున్న వాళ్లు కారు. చెయ్యి ఖాళీగా ఉండని ఉద్యోగాన్ని చూసుకున్నారు, అంతే.

మరి ఇప్పుడు? హైదరాబాదు ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జె.ఎన్.ఎ.ఎఫ్.ఎ.యు.లో పెయింటింగ్, శిల్పంతోపాటు అప్లైడ్ ఆర్ట్, ఫొటోగ్రఫీ, యానిమేషన్ కూడా చెబుతున్నారు. యానిమేషన్ వాళ్లకు నగరంలోనే స్టూడియోలున్నాయి. అక్కడా రాత్రీపగలూ ఒకరి బొమ్మకు ఇంకొకరు రంగులద్దే పనే ఎక్కువ. పెయింటింగ్ వాళ్లకు పంతులు ఉద్యోగం దిక్కు అనుకుంటే, దానిదో కథ. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా వందమంది పిల్లలు దాటిన బడిలో ఆర్ట్ చెప్పే మనిషి ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెప్పింది. అయితే ఆ మనిషి ‘పార్ట్ టైమ్ ఇన్‌స్ట్రక్టర్’ అని కూడా చెప్పింది. పిల్లవాడి చెయ్యి పట్టి గీత నేర్పడం సగం పూట పని అని తేల్చిన చట్టం అది! ఫుల్ టైమ్ పోస్టు కోసం అడగాల్సింది కళాకారులు మాత్రమే కాదు, ఆ బడుల్లో పిల్లలున్న తల్లిదండ్రులు కూడా.

కాలేజీలు చేయదగ్గది ఇంకొకటుంది. బొమ్మకు ధర కట్టడం, బిల్లు రాయడం, అడ్వాన్సు అడగడం, ముఖచిత్రం హక్కు ఎవరిదో కాగితం మీద పెట్టించుకోవడం ఆఖరి ఏడాదిలో ఎవరైనా నేర్పాలి. నేర్పకపోవడం వల్ల లాభపడుతున్నది ప్రచురణకర్తలు. ‘పేరు వేస్తాం కదా’ అన్న మాటతో ఎన్ని పుస్తకాల అట్టలు ఉచితంగా తయారయ్యాయో లెక్కలేదు.

ఈ సంచిక ముఖచిత్రం ఈ ఏడే పట్టా తీసుకున్న ఒక అమ్మాయి వేసింది. ఎంత ఇమ్మంటావమ్మా అంటే ‘మీ ఇష్టం సార్’ అంది. రేటు చెప్పకపోతే బొమ్మ తీసుకునేది లేదన్నాం. మర్నాడు ఫోను చేసి, గొంతు సవరించుకుని, ఒక అంకె చెప్పింది. మా మేనేజరు అనుకున్నదానికంటే అది ఎక్కువే. బేరమాడకుండా పంపించాం.