పెరట్లో సిమెంటు వేయడానికి మేము ఒప్పుకోము

పోయిన ఆదివారం మా ఇంట్లో పంచాయితీ జరిగింది. హోసూరులో మా పాత ఇంటి వెనకాల ఉన్న పెరడును చదును చేసి, సిమెంటు పోసి, మూడు రూములు కట్టి బాడుగకి ఇద్దామని చిన్నాయన వాళ్ళు అన్నారు. పెద్దవాళ్ళ ముందు గొంతు లేపడం మా ఇంట్లో అలవాటు లేదు కాబట్టి ఆరోజు మేము తల వంచుకుని కాఫీ తాగి వచ్చేసినాము. ఇప్పుడు ఇక్కడ చెప్తున్నాము: మేము ఒప్పుకోము. ఎందుకో కూడా చెప్తాము. ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు. బళ్ళారిలో, కోలారులో, బరంపురంలో, షోలాపూరులో, యానాంలో ఉన్న మీ ఇళ్ళలోనూ ఇదే మాట ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది, లేదా రేపు వస్తుంది.

చిన్నాయన మాటలో న్యాయం లేదని మేము అనడంలేదు. 1970ల్లో సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చినప్పటినుంచీ ఈ ఊళ్ళో రూముకి ఉన్న విలువ మునగచెట్టుకి లేదు. ఫ్యాక్టరీలకి వచ్చే పిల్లలకి ఉండడానికి చోటు కావాల. బాడుగ డబ్బులొస్తే ముసలివాళ్ళ మందులకి అక్కరకొస్తాయి. అంతా నిజమే. మేము కాదనేది ఆ తర్వాత ఆయన అన్న మాటని. "ఆ పెరట్లో ఏముందిరా, గడ్డీ గాదమూ తప్ప? కావాలంటే సంతలో పది రూపాయలకి దొరికేదే కదా" అన్నాడు.

ఏముందో చెప్తాము, చిన్నాయనా.

బావి పక్కన మునగ. దాని నీడలో కరివేపాకు. గోడవారగా గోగాకు, అదే కోస్తావాళ్ళు గోంగూర అనేది. తొట్టి నీళ్ళు పారేచోట అరటి, చేమ. కంచె మీద ఒకపక్క బీర, ఒకపక్క అనప. వెనక మూల సీతాఫలం, జామ, నిమ్మ. తులసికోట చుట్టూ కనకాంబరం, మరువం, డిసెంబరు పూలు. మల్లెపందిరి. వీటిలో సగం అవ్వ నాటినవి, సగం ఆమెకంటే ముందునుంచీ ఉన్నవి.

ఇందులో సంతలో దొరకనివి ఏవి అంటే, మొదట అనపకాయ తీసుకోండి. సంతలో అనపకాయలు రావా అంటే, వస్తాయి, కుప్పలుకుప్పలుగా వస్తాయి. కానీ మా కంచె మీది తీగ పాత రకం. పొద్దు తగ్గితే తప్ప పూత పట్టదు. మంచు కురిసే మార్గశిరం, పుష్యం నెలల్లోనే కాస్తుంది. ఆ రెండు నెలలూ ఇంట్లో రాత్రిపూట గింజలు నానబెట్టడం, పొద్దున అందరూ చుట్టూ కూర్చుని తోలు పితకడం, పితికిపప్పు కూర, రాగిసంగటి. పైగా ఆ తీగ వేళ్ళ బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకి ఇస్తాయి. అందుకే మన పెద్దలు రాగిచేనులో అనప సాలు వేసేవాళ్ళు. అవ్వ ఈ నత్రజని మాట ఎప్పుడూ వినలేదు. "అనప పెట్టిన చోట మరుసటేడు వంగ పెట్టు, బాగా వస్తాది" అనేది, అంతే.

ఇక విత్తనం. సంతలో కొన్న హైబ్రిడ్ బీరకాయ గింజని దాచి నాటితే తల్లిలాంటి కాయ వస్తుందని నమ్మకం లేదు. రెండో తరంలో గుణాలు చెదిరిపోతాయి. కాబట్టి ఏటేటా మళ్ళీ కొనాల. అవ్వ తీగకి ఒక మంచి కాయని వదిలేసేది. అది ఎండి, లోపల గింజలు గలగలలాడాక కోసి, గింజలు బూడిదలో కలిపి కుండలో పెట్టేది. ఎండిన పీచు ఒళ్ళు రుద్దుకోడానికి. ఆ కుండ ఖాళీ అయిందంటే పది రూపాయలు కాదు, పదివేలు పెట్టినా అదే గింజ ఏ అంగడిలోనూ దొరకదు.

ఇప్పుడు అసలు మాట. మన పిల్లలకి తెలుగు ఎక్కడ దొరుకుతుంది? 2006లో తమిళనాడులో తమిళం తప్పనిసరిగా నేర్చుకోవాలని చట్టం వచ్చింది. ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో తరగతి పైకి ఎక్కింది. తమిళం మీద మాకు కోపం లేదు. ఈ నేల మనకి అన్నం పెట్టింది, ఆ భాష రాకపోతే మనకే నష్టం. కానీ బడిలో తెలుగు తగ్గిన ఇళ్ళలో తెలుగు మిగిలేది వంటింట్లో, పెరట్లోనే కదా. మా ఇంటి పిల్లలు ఇప్పటికే మునగని మురుంగై అంటున్నారు, అనపని అవరేకాయి అంటున్నారు, గోగాకుని పులిచ్చ కీరై అంటున్నారు. ఆ పేర్లూ రావాల్సిందే. కానీ మన పేరు పోయి ఆ పేరు రావడం వేరు, మన పేరుతోపాటు ఆ పేరూ రావడం వేరు.

ఒక చెట్టు ఉంటే ఒక్క పేరే ఉండదు. మొగ్గ, పిందె, దోర, పండు. చిగురు, ఈనె, తొడిమ. నారు, పాదు, మడి, కలుపు, పందిరి. నీళ్ళు పోస్తూ చెప్తే ఒక్క సాయంత్రంలో పిల్లకి ఇరవై మాటలు పట్టుబడతాయి. అట్ట మీద బొమ్మలు చూపించి ఇవి నేర్పబోతే వారం తిరక్కుండా మరచిపోతారు. వినాయక చవితికి 21 రకాల పత్రి కావాల. ఉత్తరేణి, వాకుడు, వావిలి, మాచిపత్రి, విష్ణుక్రాంత. ఇప్పుడు బజారులో ఏదో నాలుగు ఆకుల కట్ట కొని, పుస్తకంలో పేరు చదివి, చేతికి దొరికిన ఆకు వేస్తున్నాము. దేవుడు ఏమీ అనుకోడు. కానీ మనకి ఏ ఆకు ఏదో తెలియదని మన పిల్లలకి తెలిసిపోతుంది.

మనలాంటి కుటుంబాల్లో ఏడాదికొకసారి ఉగాదికి హాలు బాడుగకి తీసుకుని, పట్టుచీరలు కట్టుకుని, "మన భాష, మన సంస్కృతి" అని మైకులో చెప్పుకోవడం బాగా అలవాటైంది. మేమూ పోతాము, చప్పట్లు కొడతాము. ఆ రోజు పచ్చట్లోకి వేపపువ్వు మాత్రం పొట్లంలో కొంటాము. ఇంటి వేపచెట్టు కొట్టేసి, వేదిక మీద వేపపువ్వు గొప్పతనం మాట్లాడేది సంస్కృతి అయితే, అది మాకు వద్దు.

ఎదురుమాటలు మాకు తెలుసు. "నీళ్ళు ఎక్కడున్నాయి?" బోర్లు ఎండుతున్నాయి, నిజం. కానీ వెయ్యి చదరపు అడుగుల నేల మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 900 లీటర్లకి పైగా నీళ్ళు. మట్టి ఉంటే చాలాభాగం లోపలికి ఇంకుతాయి, సిమెంటు ఉంటే కాలవలోకి పోతాయి. వాననీటి సేకరణ అన్ని ఇళ్ళకీ తప్పనిసరి అని ఈ రాష్ట్రంలో 2003లోనే చెప్పినారు. పెరడంతా మూసేసి, ఒక మూల గుంత తవ్వి, పైపు పెట్టి లెక్క చూపించడం కంటే ఉన్న మట్టిని మట్టిగా ఉంచడం తేలిక కాదా? బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు అరటికీ చేమకీ ఇప్పటికీ సరిపోతున్నాయి.

"మిద్దె మీద సంచుల్లో పెంచుకోండి." పెంచుకోవచ్చు, పెరడు లేనివాళ్ళకి అది మంచి దారే. ఉన్న పెరడు పూడ్చి, సంచులూ మట్టీ ఎరువూ డబ్బిచ్చి కొని మిద్దెకి మోయడం మాత్రం మాకు అర్థం కాలేదు. సంచిలో సీతాఫలం ఎంత పెరుగుతుంది?

"ఎవరు చేస్తారు?" ఇది మాత్రం గట్టి ప్రశ్న. దీనికి మనం సిగ్గుపడాల. ఇన్నేళ్ళూ చేసింది ఆడవాళ్ళే. అవ్వ, తర్వాత పెద్దమ్మ, తర్వాత వదిన. మగవాళ్ళు కాయలు తిని, పూలు దేవుడికి పెట్టి, చెట్ల గురించి గొప్పలు చెప్పుకున్నారు. పంచాయితీలో వదిన ఒక్కటే మాట అంది: "మీకు పెరడు కావాల, నాకు నడుము కావాల." ఆ మాటకి మా దగ్గర జవాబు లేక తల వంచుకున్నాము. ఇప్పుడు జవాబు ఇదీ. ఆదివారం పొద్దున రెండు గంటలు ఊడ్చడం, కలుపు తీయడం, పాదులు చేయడం మాది. వదిన పారపట్టే పని లేదు. మాట తప్పితే ఆ రోజే సిమెంటు లారీ పిలవండి.

బాడుగ మాటకొస్తే, ముందరి కారు షెడ్డు మీద రెండు రూములు కట్టొచ్చు. ఒక రూము బాడుగ తగ్గుతుంది. ఆ తగ్గేది మేము పంచుకుని ప్రతినెలా ఇస్తాము.

చివరగా ఒకటి. "మనమే బయటినుంచి వచ్చినవాళ్ళం, ఈ చెట్లకి అంత పట్టుదల ఎందుకు" అని ఆ రోజు ఎవరో నవ్వినారు. మిరప, టమాటా, జామ, బొప్పాయి, సీతాఫలం అమెరికా ఖండాలనుంచి సముద్రం దాటి వచ్చినవే. ఇప్పుడు మిరపకాయ లేని తెలుగు ఇల్లు ఉందా? వచ్చింది ఎక్కడినుంచని వాటిని ఎవరూ అడగరు. వేరు పట్టడానికి కాస్త మట్టి దొరికింది, నిలబడినాయి.

సంక్రాంతికి అందరమూ కలుస్తాము కదా. అప్పటికి అనప కాపుకొచ్చి ఉంటుంది. ముందు కూర్చుని గింజలు పితుకుదాం, చిన్నాయనా. సిమెంటు మాట ఆ తర్వాత మాట్లాడుకుందాం.